కొత్తగా ఇల్లు కొన్నాం, సెప్టిక్ ట్యాంక్ ఎక్కడుందో కూడా తెలీదు. ఎలా చూసుకోవాలి?

కొత్త ఇంటివాడు:

అందరికీ నమస్తే అండీ. సంక్రాంతి వెళ్లాక ఘట్‌కేసర్ వైపు ఒక పాత ఇండిపెండెంట్ ఇల్లు కొన్నాం. 150 గజాలు, కింద మేం ఉంటున్నాం, పైన పోర్షన్ ఇంకా అద్దెకివ్వలేదు, ఖాళీగానే ఉంది. నేను పుట్టి పెరిగిందంతా అపార్ట్‌మెంట్లలోనే, ఫ్లష్ నొక్కితే అది ఎటు పోతుందన్న ఆలోచన నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా రాలేదు, నెలనెలా మెయింటెనెన్స్ కట్టేస్తే ఎవరో చూసుకునేవాళ్లు. ఇప్పుడు ఆ ఎవరో నేనే అయ్యాను.

మా కాలనీకి డ్రైనేజీ లైన్ ఇంకా రాలేదు, ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకే. పాత ఓనరు గారిని రిజిస్ట్రేషన్ రోజు అడిగితే "పదకొండేళ్లు ఉన్నాం బాబూ, ఒక్కసారి కూడా తీయించే పని పడలేదు, అంత మంచి ట్యాంకు" అన్నారు. నేనూ అబ్బో అనుకున్నా. ఎక్కడుందండీ అంటే పార్కింగ్ వైపు చెయ్యి ఊపారు. పార్కింగంతా టైల్స్ వేసేసి ఉంది, మూత అన్నదే కనపడదు.

వానలు మొదలయ్యాక కథ మొదలైంది. కింద కమోడ్ ఫ్లష్ చేస్తే పక్క స్నానాల గదిలో జాలీ దగ్గర గుడగుడమని శబ్దం, నీళ్లు దిగడానికి రెండు నిమిషాలు. రాత్రయితే కుళ్లిన కోడిగుడ్డు వాసన, విచిత్రం ఏంటంటే అది కింద నుంచి కాదు, పైన ఖాళీ పోర్షన్‌లోంచి మెట్ల మీదుగా దిగి వస్తోంది. పక్కింటి ఆంటీ కిలో బెల్లం, పుల్లపెరుగు కలిపి కమోడ్‌లో పోయమన్నారు. హార్డ్‌వేర్ షాపతను ఏదో బ్యాక్టీరియా పౌడర్ ప్యాకెట్ చేతిలో పెట్టాడు, 350. నిన్న ఒకతను బైక్ మీద వచ్చి "ట్యాంక్ పీల్చే బండి పిలిస్తే మూడు వేలు అవుతది సార్, 1500 ఇవ్వండి, రాత్రికి ఇద్దరు మనుషుల్ని దింపి మొత్తం ఎత్తిపోయిస్తా" అన్నాడు. రేపు చెప్తానన్నా.

అసలు ట్యాంక్ ఎక్కడుందో ఎలా కనుక్కోవాలి, ఎన్నేళ్లకోసారి తీయించాలి, లోపలికి ఏం పోవచ్చు ఏం పోకూడదు? మా ఆవిడ ప్రతి ఆదివారం యాసిడ్ పోసి బాత్రూములు కడిగిస్తుంది, దాని వల్లేనా? పేరు పేరునా అడుగుతున్నా, కాస్త చెప్పండి.

రిటైర్డ్ ఏఈ:

ముందు ఆ బైక్ అతనికి ఫోన్ చేసి వద్దని చెప్పి, తర్వాత మిగతాది చదవండి.

ముప్పై ఏళ్లు ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా, మునిసిపాలిటీ పనుల్లో ఉన్నవాణ్ని కాబట్టి చెప్తున్నా. సెప్టిక్ ట్యాంక్‌లో సరైన రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపడం, మనుషులతో పాకీ పని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. దింపించిన ఇంటివాడి మీద కూడా కేసు పడుతుంది, మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా లేదా రెండూ. మురుగు పనిలో మనిషి చనిపోతే పరిహారం 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కోలార్ బంగారు గనుల దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ గారు జన్మంతా దీని మీదే పోరాడుతున్నారు, 2016లో మెగసెసే అవార్డు కూడా వచ్చింది, అయినా మన కాలనీల్లో 1500కి రాత్రిపూట మనుషులు దిగుతూనే ఉన్నారు. రాత్రే ఎందుకో ఆలోచించండి.

ఇక ట్యాంక్ సంగతి. చాలామంది అనుకున్నట్టు అది చెత్తకుండీ కాదు. లోపలికి వచ్చిన దాంట్లో బరువైనది అడుక్కి దిగి బురద అవుతుంది, జిడ్డూ నురగా పైన తెట్టు కడతాయి, మధ్యలో ఉన్న నీళ్లు రెండో గదిలోకి, అక్కణ్నుంచి ఇంకుడు గుంతలోకి పోతాయి. గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులు ఆ బురదను తింటూ తగ్గిస్తుంటాయి, కానీ మొత్తం తినెయ్యవు, కొంత మిగులుతూ పేరుకుంటూనే ఉంటుంది. ఇదంతా జరగాలంటే నీళ్లు లోపల కనీసం ఒక రోజు, రెండు రోజులు నిలబడాలి. బురద సగం దాకా నిండిందనుకోండి, నిలబడే చోటు ఉండదు, వచ్చింది వచ్చినట్టు ఇంకుడు గుంతలోకి కొట్టుకుపోతుంది, గుంతలోని రాళ్ల సందులు, చుట్టూ మట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. ట్యాంక్ తీయించడానికి మూడు వేలు, ఇంకుడు గుంత కొత్తది తవ్వాలంటే ఎంతో మేస్త్రీని అడగండి. మూడు వేలు పిసినారితనం చేసినవాళ్లు చివరికి ఆ గుంత దగ్గర దొరికిపోతారు.

కాబట్టి పదకొండేళ్లు తీయించలేదంటే అది గొప్ప ట్యాంక్ అని కాదు. నా అనుభవంలో రెండే రెండు కారణాలు. ఒకటి, అది అసలు ట్యాంకే కాదు, అడుగున సిమెంట్ వేయకుండా రింగులు దింపేసిన గుంత, నీళ్లతో పాటు మురికి కూడా భూమిలోకి దిగిపోతోంది. రెండోది, ట్యాంక్ చివరి పైపు తీసుకెళ్లి రోడ్డు పక్క కాలవలో కలిపేశారు, పేరుకున్నదంతా నెమ్మదిగా వీధిలోకి పోతోంది. మీ ఇంట్లో బోరు ఉంటే మొదటిది మరీ ప్రమాదం. ఐఎస్ 2470 అని సెప్టిక్ ట్యాంకులు ఎలా కట్టాలో చెప్పే భారత ప్రమాణాల కోడ్ ఒకటి ఉంది, తాగేనీళ్ల బావికీ ఇంకుడు గుంతకూ మధ్య 18 మీటర్లు ఉండాలంటుంది. 150 గజాల ప్లాటులో 18 మీటర్లు ఎక్కణ్నుంచి వస్తాయండీ, పొడవే అంత ఉండదు, పక్కింటివాళ్ల గుంత మీ బోరు పక్కనే ఉండొచ్చు. అందుకే ఆ కాలనీల్లో బోరు నీళ్లు తాగడం మానెయ్యండి, కనీసం ఒకసారి టెస్టు చేయించండి.

ఎన్నేళ్లకి అంటే, మామూలు కుటుంబానికి రెండు మూడేళ్లకోసారి. క్యాలెండర్ కంటే కర్ర నయం. పొడుగాటి వెదురు కర్రకి కింద నాలుగడుగులు తెల్లగుడ్డ చుట్టి, మూత తీసి పక్కకి జరిగి పావుగంట ఆగి, మెల్లగా అడుగు తగిలే దాకా నిలువుగా దింపి, రెండు నిమిషాలుంచి పైకి తీయండి. నల్లగా చిక్కగా అంటుకున్నంత మేర బురద, పైన పలచటి మరక నీళ్లు. మొత్తం లోతులో బురదా తెట్టూ కలిపి సగానికి దగ్గరపడితే బండి పిలవండి. ఆ పావుగంటా పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు, మీరూ మూత మీదికి వంగి తొంగి చూడద్దు, బీడీ సిగరెట్ అగ్గిపుల్ల ఏదీ వద్దు, లోపల ఉండేది మండే గ్యాసు.

యాసిడ్ గురించి అడిగారు. వారానికోసారి ఒక మూత హార్పిక్ వేసి కడిగితే ట్యాంక్ చచ్చిపోదు, అంత సున్నితమైనదైతే మన దేశంలో ఒక్క ట్యాంకూ పని చేసేది కాదు. కానీ సీసాలకు సీసాలు యాసిడ్, ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్ కుమ్మరిస్తే లోపలి జీవులు పోతాయి, వాసన ఎక్కువవుతుంది, ఆ వాసనకి ఇంకొంచెం ఫినాయిల్ పోస్తారు. యాసిడూ బ్లీచింగూ రెండూ కలిపి మాత్రం ఎప్పుడూ పోయకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఆ బాత్రూమ్‌లోనే కూలబడిపోతారు.

పానా పట్టినోడు:

ఏఈ గారు పుస్తకం చెప్పారు, ప్లంబర్ని కాబట్టి నేను గోడలో పైపుల సంగతి చెప్తా.

అన్నా, మీకు రెండు వేర్వేరు జబ్బులున్నాయి, ఒకటనుకుంటున్నారు. పై పోర్షన్ వాసన ట్యాంక్ నిండినందుకు కాదు. ఖాళీగా ఉన్న బాత్రూమ్‌లో జాలీ కింద నానీ ట్రాప్ ఉంటుంది చూడండి, అందులో రెండంగుళాల నీళ్లు నిలబడి ఉండాలి, ఆ నీళ్లే గ్యాస్‌కి తలుపు. నెలల తరబడి ఎవరూ వాడకపోతే ఆ నీళ్లు ఎండిపోతాయి, తలుపు తెరుచుకున్నట్టే, ట్యాంక్ గ్యాసంతా నేరుగా గదిలోకి. పైకెళ్లి ప్రతి జాలీలో ఒక బకెట్ నీళ్లు పోయండి, కమోడ్ ఒకసారి ఫ్లష్ చేయండి, రేపు పొద్దున్నకి తేడా తెలుస్తుంది. తర్వాత వారానికోసారి చెంబుడు చాలు. ఊరెళ్లేటప్పుడు నీళ్ల మీద రెండు చెంచాల వంటనూనె వేస్తే త్వరగా ఎండవు.

కింద గుడగుడ మాత్రం వేరే. నీళ్లు దిగాలంటే వెనకాల గాలి రావాలి, గాలి దారి లేకపోతే పక్క జాలీలోంచి గుటకలేసుకుంటుంది, ఆ శబ్దమే మీరు వినేది. మేడ మీదికెళ్లి గాలి గొట్టం చూడండి. నేను చూసిన వాటిలో సగం గొట్టాలు కందిరీగ గూడుతోనో, పెయింటర్ కుక్కిన గోనెసంచి ముక్కతోనో మూసుకుపోయి ఉంటాయి. ఒక ఇంట్లో పిల్లాడు టెన్నిస్ బాల్ వేశాడు, నాకు తెలియడానికి రెండు రోజులు పట్టింది. గొట్టం ఖాళీగానే ఉంటే ట్యాంక్ నిండి బయటికి పోయే దారి మూసుకుందని లెక్క. వానాకాలంలోనే వచ్చిందన్నారు కాబట్టి నాకు రెండోదే అనిపిస్తోంది.

ట్యాంక్ వెతకడం సులువు. కమోడ్ పైపు గోడ బయటికి ఎక్కడ వచ్చిందో చూడండి, అక్కడ చిన్న చాంబర్ ఉంటుంది, ఇనప మూతో నాపరాయో వేసి. దాన్ని తెరిచి లోపల పైపు ఏ దిక్కుకి తిరిగిందో చూస్తే ట్యాంక్ ఆ వరసలోనే. టైల్స్ మీద పిడికిలితో కాదు, రుబ్బురోలు పొత్రంలాంటి బరువైన దాన్నేదైనా మెల్లగా తట్టుకుంటూ పోండి, కింద ఖాళీ ఉన్న చోట శబ్దం బోలుగా మారుతుంది. గాలి గొట్టం కింది చివర కూడా సాధారణంగా ట్యాంక్ మీదే ఉంటుంది. దొరికాక జాగ్రత్త, చాలా ఇళ్లలో ట్యాంక్ మీద స్లాబ్ ఉండదు, నాపరాళ్లు పరిచి పైన టైల్ వేసేస్తారు, మీరు రోజూ కారు పెట్టేది వాటి మీదే. దొరికే దాకా కారు వీధిలో పెట్టుకోండి.

ఇంకోటి, ఫ్లష్ ట్యాంక్ కారుతోందేమో చూసుకోండి. సిస్టర్న్‌లో నీలిమందు నాలుగు చుక్కలు వేసి అరగంట ఎవరూ వాడకుండా ఉండండి, కమోడ్ నీళ్లు నీలంగా మారితే వాషర్ పోయినట్టు. చుక్క చుక్కే కదా అనుకుంటారు, రోజు మొత్తానికి బకెట్లకి బకెట్లు ట్యాంక్‌లోకి పోయి, ఏఈ గారు చెప్పిన ఆ నిలబడే టైము ఉండనివ్వదు. వాషర్ వంద రూపాయల లోపే.

గోదారి గట్టు:

మాది కోనసీమ. మా దగ్గర రెండడుగులు తవ్వితే నీళ్లు, వానాకాలం అయితే గడపలోకే వస్తాయి, కాబట్టి మా కష్టాలు మీకు రావు గానీ ఒకటి రెండు పనికొస్తాయని రాస్తున్నా.

బండి వచ్చి ట్యాంక్ మొత్తం పీల్చేశాక దాన్ని అలా ఖాళీగా వదలకండి. మా పెదనాన్న గారింట్లో కొత్తగా ప్లాస్టిక్ ట్యాంక్ పెట్టి, శ్రావణమాసంలో ఖాళీ చేయించి పడుకున్నారు, పొద్దున లేచేసరికి అది నేలలోంచి తెప్పలాగా పైకి లేచింది, పైపులన్నీ విరిగిపోయాయి. భూమిలో నీరు పైకి తోస్తుంది, లోపల బరువు లేదు, అంతే సంగతి. సిమెంట్ ట్యాంక్ అంత తేలిగ్గా లేవదనుకోండి, అయినా తీయించిన రోజే బయటికెళ్లే పైపు మట్టం దాకా నీళ్లు నింపడం మంచిది. అడుగున ఒక అంగుళం బురద ఉంచమని కూడా చెప్పండి, గీకి గీకి కడగొద్దని, ఆ మిగిలిందే తోడు. పాలలో మజ్జిగ చుక్క వేసినట్టు అనుకోండి.

పక్కింటి ఆంటీ బెల్లం పెరుగు సంగతి నవ్వొచ్చింది కానీ మా అమ్మమ్మ కూడా కొత్త ట్యాంక్‌లో పేడనీళ్లు పోయించింది.

దోమల సంగతి ఎవరూ చెప్పలేదు. గాలి గొట్టం చివర నైలాన్ జాలీ కట్టండి, దోమతెర ముక్కో పాత వోణీ ముక్కో, ఏదైనా గాలి ఆడేది. బోదకాలు అంటించే క్యూలెక్స్ దోమ సరిగ్గా ఇలాంటి మురికినీళ్లలోనే గుడ్లు పెడుతుంది, ట్యాంక్ లోంచి ఆ గొట్టం గుండానే గుంపులుగా వస్తుంది. బోదకాలు బాధ మా గోదావరి జిల్లాలవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. మూత పగుళ్లున్నా సిమెంట్ పెట్టేయండి.

ఇది రాయాలా వద్దా అని ఆలోచించా. మా వీధిలో, చాలా ఏళ్ల కింద, నేను ఇంటర్ చదివేటప్పుడు, ఎదురింటి ట్యాంక్‌లో ఒకతను దిగాడు. నిచ్చెన మీద నాలుగో మెట్టు దాకా మాట్లాడుతూనే ఉన్నాడు, బకెట్ అందించండి అన్నాడు. ఐదో మెట్టు దిగాక మాట లేదు. పైనున్న అతని బావమరిది తాడు కట్టుకోకుండా వెనకే దూకాడు. ఇద్దరినీ తీయడానికి గంట పట్టింది. ఒక్కరే బతికారు, రెండోవాడు. వాసన వస్తే కదా తెలుస్తుంది అని అప్పట్లో అందరూ అన్నారు, ఆ గ్యాస్ ఎక్కువైతే ముందు ముక్కునే చంపేస్తుందని, వాసన తెలియదని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ నిచ్చెన అక్కడే గోడకి చాలా రోజులు ఆనించి ఉండేది.

కొత్త ఇంటివాడు:

అతనికి ఫోన్ చేసి వద్దని చెప్పేశా అండీ. "మీ ఇష్టం సార్, పక్క గల్లీలో అంతా మేమే చేస్తాం" అన్నాడు.

పైన జాలీల్లో నీళ్లు పోశా. రాత్రి వాసన నిజంగానే లేదు! నాలుగు నెలలుగా అగరుబత్తీలు వెలిగిస్తున్నాం. పానా అన్నకి దండం.

ఒక డౌటు, పేడనీళ్లు పోస్తే మంచిదా, ఆ పౌడర్ మంచిదా? ప్యాకెట్ ఇంకా చింపలేదు.

రిటైర్డ్ ఏఈ:

ప్యాకెట్ వాపసు ఇచ్చి డబ్బులు తెచ్చుకోండి, తీసుకుంటే.

కోనసీమ అమ్మమ్మ గారిది తప్పు కాదు. కొత్తగా కట్టిన ట్యాంక్‌ని ముందు నీళ్లతో నింపి, వేరే ట్యాంక్‌లోని పాత బురద కొంచెం, అది దొరక్కపోతే బాగా మాగిన పేడ కొంచెం వేయమని ఆ కోడ్‌లోనే ఉంది. కానీ అది కొత్త ట్యాంక్‌కి. నలుగురు మనుషులు రోజూ వాడుతున్న ట్యాంక్‌కి రోజూ కావలసినన్ని జీవులు మన కడుపులోంచే వెళ్తున్నాయి, మళ్లీ డబ్బు పెట్టి కొని పంపించక్కర్లేదు. బెల్లం వేస్తే చీమలు వస్తాయి. పౌడర్ వేస్తే తీయించే పని ఉండదని షాపువాడు చెప్తే మాత్రం నమ్మకండి, ఇసుక, బూడిద, ప్లాస్టిక్, వెంట్రుకలు ఏ బ్యాక్టీరియా తింటుంది చెప్పండి.

ఏం పోకూడదో అడిగారు, నేను మర్చిపోయా. మలం, మూత్రం, నీళ్లు, ఇంతే పోవాలి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, కండోములు, వెట్ వైప్స్ (ప్యాకెట్ మీద ఫ్లష్ చేయొచ్చని రాసి ఉన్నా సరే), గడువు తీరిన మందులు, మిగిలిపోయిన సాంబారు, పూజ పూలు, ఏవీ వద్దు. వంటింటి నీళ్లు ఇందులో కలిపారేమో కూడా చూడండి, మన వంటల్లో నూనె సంగతి తెలిసిందే కదా, పైన తెట్టు అరచెయ్యి మందం కడుతుంది. వాన నీళ్లు, మేడ మీద నీళ్లు దీంట్లోకి అస్సలు రాకూడదు. మీకు వానలతోనే మొదలైందంటే ఎక్కడో వాన పైపు ఇందులో కలిపి ఉండొచ్చని నా అనుమానం.

బండికి 14420 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి చూడండి, లేదా రిజిస్టర్ అయిన బండి నంబరు మునిసిపాలిటీలో ఇస్తారు. డ్రైవర్‌ని ఒకే ఒక్క ప్రశ్న అడగండి, "ఎక్కడ పోస్తావ్?" అని. శుద్ధి ప్లాంట్ పేరు చెప్తే సరే. నీళ్లు నమిలితే మీ ట్యాంక్‌లోది రాత్రికి ఏదో చెరువులో ఉంటుంది. వరంగల్ కార్పొరేషన్ 2016లోనే దీనికి నిబంధనలు పెట్టి, తర్వాత ప్లాంట్ కూడా కట్టింది, కాబట్టి చేయలేని పనేం కాదు.

డాలస్ మామయ్య:

టెక్సాస్ నుంచి. ఇక్కడ ఊరి బయట ఇళ్లకి మాకూ సెప్టికే, అమెరికా అంటే అన్నీ భూమి కింద నుంచి వాటంతటవే పోతాయనుకుని కొన్నాం. మాది గాలి పంపు పెట్టే రకం, చివర్లో శుద్ధి అయిన నీళ్లు క్లోరిన్ బిళ్లల మీదుగా వెళ్లి స్ప్రింక్లర్లతో గడ్డికి కొడుతుంది, మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఆ గడ్డి మీద చాప వేసుకుని కూర్చోబోతే పరిగెత్తుకెళ్లి లేపాం.

మామూలు ట్యాంకులకి ఇక్కడ మూడేళ్లకోసారి చూపించుకోమంటారు, మూడు నుంచి ఐదేళ్లకి తీయిస్తారు. నేను నేర్చుకున్నది ఒక్కటే. తీయించిన ప్రతిసారీ తేదీ, ఎంత బురద ఉంది, ఎవరు వచ్చారు, మూత ఇంటి మూల నుంచి ఎన్ని అడుగులు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి కరెంట్ బోర్డు తలుపు లోపల అంటించా. మీ పాత ఓనరు ఆ పని చేసి ఉంటే మీరు టైల్స్ మీద పొత్రం పట్టుకుని తిరిగేవాళ్లు కాదు. ఇంకా, బట్టలు ఒకే ఆదివారం ఆరు లోడ్లు వేయకుండా వారమంతా పంచుకోండి, ఆ నీళ్లు ట్యాంక్‌లోకే పోతుంటే.

కొత్త ఇంటివాడు:

అప్‌డేట్ ఇవ్వడానికి పది రోజులు పట్టింది, సారీ.

పొత్రం లేక గ్యాస్ సిలిండర్ ఖాళీది పట్టుకుని తట్టా, వీధిలో పిల్లలంతా వచ్చి చూశారు. గేటు నుంచి ఏడో వరస టైల్ దగ్గర శబ్దం మారింది. మేస్త్రీ నాలుగు టైల్స్ లేపితే కింద నాపరాళ్లే, పానా అన్న చెప్పినట్టే, ఒకటి అడ్డంగా పగిలి ఉంది, సరిగ్గా మా కారు ముందు చక్రం ఆగే చోటు. దాన్ని చూశాక మా ఆవిడ అరగంట మాట్లాడలేదు.

ట్యాంక్ అసలు ట్యాంకే, రింగుల గుంత కాదు, ఆ వరకు అదృష్టం. రెండు గదులు, లోపల కొలిస్తే దాదాపు 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల నీటి లోతు, లెక్క కడితే సుమారు 3,400 లీటర్లు వస్తుంది. కర్ర పెడితే మొదటి గదిలో గుడ్డ మూడున్నర అడుగుల దాకా నల్లగా వచ్చింది. కర్ర సగంలో నిలబడిపోయింది అంటే నమ్మండి, దానంతటదే, పట్టుకోకుండా.

బండివాళ్లు మధ్యాహ్నం పూట వచ్చారు, పైపు వేసి పీల్చారు, గట్టిపడ్డ దాన్ని నీళ్లు కొట్టి కదిలించి మళ్లీ పీల్చారు, ఎవరూ దిగలేదు, మొత్తం గంటన్నర, 3,200 తీసుకున్నారు. ఎక్కడ పోస్తారని అడిగితే డ్రైవర్ శుద్ధి ప్లాంట్ చీటీ చూపించాడు. ఖాళీ అయ్యాక పైనుంచే టార్చ్ వేసి చూస్తే చివరి పైపుకి ఉండాల్సిన టీ (తెట్టు బయటికి పోకుండా ఆపే T ఆకారపు పైపు ముక్క) లేదు, విరిగి అడుగున పడి ఉంది, తెట్టంతా ఎన్నాళ్లుగానో నేరుగా ఇంకుడు గుంతలోకే వెళ్తోందట. దాన్ని బయటి వైపు నుంచే తవ్వి ప్లంబర్ కొత్తది బిగించాడు. గుడగుడకి కారణం మాత్రం అది కాదు. ఏఈ గారి అనుమానమే నిజం, మేడ మీద వాన పైపు చాంబర్‌లోనే కలిపేశారు, అది విడదీసి రోడ్డు వైపు మళ్లించాం. గాలి గొట్టంలో కూడా కందిరీగలున్నాయి, అవి ప్లంబర్‌నీ నన్నూ చెరోటి కుట్టాయి.

సాయంత్రం నీళ్లు నింపాం. గొట్టానికి మా అమ్మాయి పాత చున్నీ ముక్క కట్టాం, పచ్చరంగు, దూరానికే కనపడుతోంది. కరెంట్ బోర్డు లోపల కాగితం కూడా అంటించా. పాత ఓనరు గారికి ఫోన్ చేసి చెప్తే "అవునా, మాకెప్పుడూ ఏం కాలేదే" అన్నారు.

పానా పట్టినోడు:

నాపరాళ్ల బదులు ఏం వేస్తున్నారు?

కొత్త ఇంటివాడు:

మేస్త్రీ కొత్త నాపరాళ్లే తెచ్చాడన్నా, వేసి పైన మళ్లీ టైల్స్ అంటిస్తే పాత డిజైన్‌లో కలిసిపోతుంది, తెలియనే తెలియదు అంటున్నాడు. సిమెంట్ కలుపుతున్నాడు ఇప్పుడే.

రిటైర్డ్ ఏఈ:

ఆపించండి. కారు నిలిచే చోట ఇనుము వేసిన కాంక్రీట్ స్లాబ్ ఉండాలి, రెండు గదుల మీదా రెండు మూతలు, ఎత్తడానికి పిడులతో, టైల్స్ పైకి కనపడేట్టు. అందం తర్వాత.

కొత్త ఇంటివాడు:

ఫోన్ పెట్టేసి పరిగెత్తుతున్నా.